చిటికెన వేలంత సందు

మా వాగులో రొయ్యలు మిరప తోటలకు కొట్టే మందు వల్లే పోయాయని ఊళ్లో అంటారు. ఇన్నాళ్లూ నేనూ ఊఁ కొట్టాను. అది నిజం కాదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ప్రత్తిపాడు బస్సులో నా పక్కన ఒక ముసలి సాయిబు తడిపిన వెదురు పుల్లలతో రొయ్యల బుట్ట అల్లుతున్నాడు. కిటికీ బయట విచ్చిన పత్తి మీద బస్సు తేలిపోతున్నట్టుంది. దూరిన రొయ్య తిరిగి రాకుండా మూతి దగ్గర పుల్లల మొనలు లోపలికి వంచాడు. అడుగున మాత్రం ఒక సందు వదిలేశాడు.

"అల్లిక తప్పిందా తాతా?" అన్నాను నవ్వుతూ.

"తప్పింది నీ చూపురా అబ్బాయ్!" అంటూ నా చిటికెన వేలు పట్టుకుని ఆ సందులో దూర్చాడు. "ఇంత సన్నవి బయటికి పోవాలి. అన్నీ నువ్వే తినేస్తే పై ఏడాది వాగు ఏం పెడుతుందిరా?"

ఇంటికొచ్చి అలాంటి బుట్టే అల్లాను, సందు లేకుండా. ఊరంతా నా తెలివిని మెచ్చుకుని నా దగ్గరే నేర్చుకుంది. మూడు వానాకాలాలకు వాగు ఖాళీ అయింది. తోటలకు మందు కొట్టడం ఆ తర్వాతి సంగతి.

ఇప్పటికీ బస్సులో కునుకు పడితే, చిటికెన వేలి చుట్టూ ఆ తడి వెదురు చల్లగా తగులుతుంది.