పిడికిలితో నొక్కి కొన్న సీటు

మగవాళ్లు మోటార్ సైకిల్ సీటు ఎంచుకుంటుంటే చూడాలి. రోత పుడుతుంది. ముందు పిడికిలి బిగించి నొక్కుతారు. తర్వాత అరచేత్తో చరుస్తారు, గేదెను బేరమాడేవాడు దాని వీపు చరిచినట్టు. ఆపైన ముందు భాగం మీద ఎక్కి రెండుసార్లు ఊగి "అబ్బ, మెత్తగుంది" అంటారు. అంతే, అయిపోయింది. వెనక ఎవరు కూర్చుంటారు, ఎంత దూరం కూర్చుంటారు అన్న ఆలోచన ఒక్కడికీ రాదు.

ఆ వెనక కూర్చునేదాన్ని నేను. మా ఆయన బొగ్గు బావిలో ఫిట్టరు. నేను దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక గూడెం ఉపకేంద్రంలో నర్సును. సోమవారం పొద్దున్నే బూర్గంపాడు మీదుగా గోదావరి దాటించి నన్ను దించి వస్తాడు, శనివారం వచ్చి తీసుకెళ్తాడు. చీర కట్టుకుని, ఒక పక్కకు తిరిగి, ఒక చేత్తో వెనక కడ్డీ, ఇంకో చేత్తో ఒళ్లో మందుల పెట్టె పట్టుకుని అంత దూరం. పాత సీటు కుంగి కింది రేకు తగలడం మొదలయ్యాక నా నడుము పట్టేసింది. పసిపిల్లకు టీకా వేయడానికి వంగితే, లేవడానికి మంచం కోడు పట్టుకోవాల్సి వచ్చేది.

"గిట్లయితే నౌకరి మానెయ్. ఎవలు జెయ్యమన్నరు?" అన్నాడు మా ఆయన.

ఒళ్లు మండింది. పాడైంది ఆయన సీటు, మానాల్సింది నా ఉద్యోగమట!

చివరికి సీటు మార్చడానికి బూర్గంపాడులో సీట్లు కుట్టే షాపుకు పోయాం. జిగురు కంపు, రెక్సిన్ కంపు, మూలన గుట్కా ఉమ్మిన మరకలు. షాపువాడూ మా ఆయనా కలిసి నొక్కుడూ చరుపుడూ ముగించి మెత్తటి ఫోమ్ ఒకటి తేల్చారు. ముందు భాగానికి మాత్రమే. వెనక భాగానికి మా ఆయన ఇంటి నుంచే సరుకు తెచ్చాడు. గనుల్లో బొగ్గు మోసి మోసి అరిగిన కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్క. మా గని బస్తీల్లో ఆ రబ్బరంటే అందరికీ వల్లమాలిన ప్రేమ. గడప ముందు అదే, కోళ్లగూటి మీద కప్పేదీ అదే.

"గిది ఎనక ఏసెయ్. బియ్యం బస్తా ఏసినా కుంగది" అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ బస్తాను నేనే అని ఆయనకు తట్టలేదు. షాపువాడైతే "మంచిగ జెప్పినవ్ అన్నా" అని మురిసిపోయాడు.

ఆ సోమవారం గుంత వచ్చినప్పుడల్లా ఆ రబ్బరు నన్ను ఎగరేసింది. ముందు ఆయన హాయిగా కూనిరాగం తీస్తున్నాడు. ఆ వీపును చూస్తుంటే అసహ్యం వేసింది. కట్టుకున్నవాడి గురించి అట్లా రాయకూడదంటారు. వేసింది మరి, ఏం చేయను! గూడెంలో దిగి ఉపకేంద్రం బల్ల మీద బోర్లా పడ్డాను. బిడ్డకు టీకా కోసం వచ్చిన బాలింత నా నడుముకు ఇప్పనూనె రాసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉద్యోగం మాత్రం మాననని ఆ బల్ల మీదే తేల్చుకున్నాను. ఆయన డ్యూటీకి ఎట్లాగూ గని బస్సు ఉంది, బండి నేనే తోలుకుపోవచ్చు. ఆదివారాలు మైదానంలో బండి నేర్చుకున్నాను. చీర పక్కనపెట్టి చుడీదార్ తొడిగాను. ఆయన మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ అనుకున్నాను.

తర్వాత నేనొక్కదాన్నే అదే షాపుకు బండి తోలుకుపోయాను. షాపువాడు అలవాటుగా పిడికిలి బిగించాడు. "నువ్వు పక్కకు జరుగు తమ్మీ" అన్నాను. ఒక్కో ఫోమ్ వేయించి, దాని మీద ఎక్కి, కాళ్లు అటూ ఇటూ వేసి కదలకుండా కూర్చున్నాను. ఎదురు హోటల్లో టీ తాగేవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. మెత్తటివన్నీ కాసేపటికే అణిగిపోయి ఎముకకు తగిలాయి. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్నదొకటి నిలిచింది. దాన్ని నా కొలతకు కోయించాను. బెల్టు ముక్క పీకి అవతల పారేయించాను. వెనక సీటు ఇక వద్దని, అక్కడ మందుల పెట్టెకు స్టాండు బిగించమని చెప్పాను.

షాపువాడి చేయి ఆగిపోయింది. బండిని చూశాడు, నన్ను చూశాడు. ముఖంలో నిజంగానే దిగులు.

"మరి సారు యాడ కూసుంటడు అక్కా, పాపం?" అన్నాడు.