గోలెం నీళ్ళు, పగిలిన టమాటాలు

మొన్న మా పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి ఒక టమాటా పట్టుకుని కిందికి దిగి వచ్చింది. డాబా మీద తొట్టిలో కాసినదట. తొడిమ దగ్గర మొదలై కిందిదాకా నిలువునా చీలి ఉంది. "తాతా, మీకు చెట్ల సంగతి తెలుసు గదా. ఇవి కొమ్మకుండంగనే ఎందుకు పగులుతున్నయి? ఫోన్ల చూస్తే ఒక్కొక్కడు ఒక్కొక్కటి చెప్తుండు" అంది. ఒక్క మాటలో జవాబు చెప్పి పంపాను. ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి ఒకప్పుడు నాకు చలికాలమంతా పట్టింది. ఆ కాలం డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. తీసి చదివితే ఇన్నేళ్ళ తర్వాత కూడా చిరాకు వేసింది. కోపం చల్లారాక రాసే అలవాటు అప్పటికి నాకింకా రాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరు, అందులో సాలెల వాడలో మా ఇల్లు. నాకు ఆ ఊరి బడిలోనే పంతులు ఉద్యోగం. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకటి మా నాన్న, బాపుది, ఒకటి అన్నది. ఆ ఏడు వానాకాలం పోయేసరికి బాపు మంచం పట్టాడు. చిగుళ్ళు వాచి నెత్తురు కారేది, కాళ్ళు లాగేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మగ్గం గుంతలో కూర్చుని కాళ్ళతో పావుకోళ్ళు, అంటే తొక్కుడు చెక్కలు, తొక్కే బలం లేదు. ఆయన మగ్గం మీద మా అమ్మ, అవ్వ అనేవాళ్ళం, ఒక పాత దుప్పటి కప్పింది. మంచం మాత్రం సరిగ్గా దానికి ఎదురుగా వేయించుకున్నాడు. అన్న నేస్తుంటే చూసేవాడు, పోగు తెగిన చప్పుడు అన్న కంటే ముందు తనకే వినపడేది. మళ్ళీ అందులో కూర్చోగలడో లేడో అన్నది ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు.

సర్కారు దవాఖాన డాక్టరు చూసి, మందు కంటే తిండే ముఖ్యం అన్నాడు. నిమ్మ, ఉసిరి, టమాటా, ఏదో ఒకటి రోజూ పచ్చిగా తినాలి, తింటే రెండు నెలల్లో లేచి తిరుగుతాడు అని చెప్పాడు. నిమ్మరసం తగిలితే బాపు చిగుళ్ళు మండి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఉసిరి కొరకలేడు. ఇక మిగిలింది టమాటా. మా అంగట్లో టమాటా వారానికొకసారి కనబడితే గొప్ప, వచ్చినా గంపలో అడుగున నలిగి వచ్చేది. అందుకని ఖానాపూర్ దిక్కు వ్యవసాయం చేసే మా బావను అడిగి నారు తెప్పించాను. పెరట్లో రెండు సాళ్ళు పెట్టాను. ఏ రోజు నాటింది, ఏ రోజు పూసింది, ఏ మొక్కకు ఎన్ని పిందెలు, అన్నీ రాసుకున్నాను. పుష్య మాసం వచ్చేసరికి చెట్లు విరగ కాశాయి. కాయ ఎరుపు తిరగడం, పగలడం, రెండూ ఒక్కసారే అయ్యేవి. తెల్లారి వెళ్ళి చూస్తే నిన్నటి నున్నటి కాయ ఈ రోజు నోరు తెరుచుకుని ఉండేది.

పగిలితే మాత్రమేం, కడిగి పెట్టొచ్చు కదా అంటారు. మా అవ్వ సంగతి మీకు తెలియదు. చెట్టు మీద పగిలిన పండు ఆమె లెక్కలో ఎంగిలి. పురుగో, పక్షో, పామో మూతి పెట్టి ఉంటుంది. అది పొయ్యి గది గడప దాటడానికి లేదు, నేరుగా మేకల ముందుకు పోవాలి. మా ఇంట్లో ఆ చలికాలం బలిసింది మేకలే. నేను ఎంత చెప్పినా అవ్వ ఒకటే మాట. "పాము ముట్టిన కాయ పెట్టి మీ బాపును సంపుమంటవారా?" బాపు కూడా మంచంలోంచి మెల్లగా అందుకునేవాడు. "నిజమే గదా పంతులూ. బీమారున్నోన్ని, జర చూసి పెట్టుండ్రి." నన్ను పంతులూ అని పిలిచాడంటే లోపల నవ్వుతున్నాడని అర్థం. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

నేను ఊరుకునే రకం కాదు. పక్షులనుకుని గుడ్డ పీలికలు కట్టాను. పక్షులు రావడం మానేశాయి, కాయలు పగలడం మానలేదు. ఎండ దెబ్బ అనుకుని గోనె సంచులు పందిరిగా వేశాను. మొక్కలు పాలిపోయాయి, కాయలు యథాప్రకారం పగిలాయి. అవ్వ దిష్టి అని సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించింది. అన్నకు నా అవస్థ తమాషాగా ఉండేది. "తమ్మీ, బడిల పోరగాండ్లకు చెప్పినట్టు చెట్లకు గూడ చెప్పు, పగలొద్దని" అనేవాడు. ఇంట్లో ఇంత జరుగుతుంటే బాపుకు తినడానికి దొరికినవి రెండో మూడో గట్టి కాయలు. వాటిని కూడా కొరికి మొహం అదోలా పెట్టి, సగం పక్కన పెట్టేవాడు. చిగుళ్ళు అట్లాగే ఉన్నాయి. మగ్గం మీద దుప్పటి అట్లాగే ఉంది.

చివరికి ఒక ఆదివారం డైరీ ముందు వేసుకుని కూర్చున్నాను. కాయలు ఎక్కువగా పగిలిన రోజులకు ఎర్ర సిరాతో గీత పెట్టాను. గీతలు ఎనిమిది పది రోజులకొకసారి గుంపుగా వచ్చాయి. ప్రతి గుంపుకూ ముందు రోజు నా రాతలో "గంజి" అన్న మాట ఉంది. పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలకు, గంజి పెట్టే పొద్దున వీధి పొడవునా వాటిని సాగదీసి కట్టేవాళ్ళం. ఒక కొస పట్టుకోవడం నా పని కాబట్టి, బడికి ఆలస్యమైన కారణంగా అది రాసుకున్నాను. గంజికి ముందు నూలు గోలెంలో, పెద్ద నీళ్ళ తొట్టిలో, రోజుల తరబడి నానేది. ఆ పొద్దున గోలెం ఖాళీ చేసేవాళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడ పోస్తున్నారు? లేచి వెళ్ళి అవ్వను అడిగాను. "ఇంకెక్కడ, నీ చెట్లకే" అంది. బావి దూరం, మోసుకొచ్చిన నీళ్ళు తాగడానికీ వండడానికే సరిపోయేవి, కాబట్టి మిగతా రోజులు చెట్లకు చుక్క లేదు. తడి సంగతి అవ్వ చూసుకుంటుందని నేను ఏనాడూ అడగలేదు. వారమంతా ఎండి, కాయ తోలు బిగుసుకుపోయి ఉన్నప్పుడు, ఒక్క పూటలో గోలెం నీళ్ళన్నీ వేరుకు అందుతున్నాయి. లోపలి గుజ్జు ఒక్కసారిగా ఉబ్బితే పైతోలు సాగలేదు, చీలుతుంది. పండబోయే కాయ తోలుకు సాగే గుణం ఇంకా తక్కువ, అందుకే పచ్చివి నిలిచి ఎర్రవి పగులుతున్నాయి. ఇంత చిన్న సంగతి.

"చెట్లకు పొయ్యమని ఎవరు చెప్పిండ్రే?" అన్నాను. "మీ బాపే. నూలు నీళ్ళల్ల బలముంటదన్నడు" అంది అవ్వ.

డైరీ చేత్తో పట్టుకునే బాపు మంచం దగ్గరికి పోయాను.

"బాపూ, గోలెం నీళ్ళు చెట్లకు పొయ్యమన్నది నువ్వేనా?"

"అవ్."

"అందుకే కాయలు పగులుతున్నయి."

"గది నాకెరుకే" అన్నాడు. "ఎండిన పోగును ఒక్కపాలి తడిపి గుంజితె ఏమైతది? కాయ తోలు గూడ గంతే. నలభై ఏండ్లు నేసిన, గా మాత్రం తెల్వదా?"

"మరి చెప్పరాదా?"

"చెప్తె నువ్వు మంచిగ కాయిస్తవు. కాయిస్తె నేను తినాలె. పచ్చి నెత్తురు తిన్నట్టుంటది, నాతోని కాదు."

పీలికలు, గోనె సంచులు, ఎర్ర సిరా గీతలు, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. ఆయన మీద నేను గొంతు పెంచింది జన్మలో ఆ ఒక్కసారే. "మగ్గంల కూసుంటవా, గీ మంచంలనే ఉంటవా? గదొక్కటి చెప్పు, చెట్లు పీకి పారేస్త" అన్నాను. అన్న మగ్గం ఆగిపోయింది. బాపు నా వైపు చూడలేదు, దుప్పటి కప్పిన మగ్గం వైపు చూశాడు. "జర ఉప్పేసి పట్టుకరాపో" అన్నాడు. ఆ పూట పెరట్లో ఉన్నవన్నీ పగిలినవే. ఒకటి కోసి తెస్తే అవ్వ గడపలో అడ్డంగా నిలబడి పాము సంగతి ఎత్తింది. "పాముకు గింత పుల్లటిది తినే కర్మేందే, ఇటు తే" అని తీసుకుని, కళ్ళు మూసుకుని మొత్తం తిన్నాడు.

మర్నాటి నుంచి గోలెం నీళ్ళు సొరపాదుకు మళ్ళించాము. నేను బడికి పోయే ముందు ఒక కావడి నీళ్ళు ఎక్కువ మోసి, ప్రతి టమాటా మొక్కకు రోజూ ఒక్క చెంబు పోశాను. మొదళ్ళలో వరిగడ్డి పరిచాను. కాయ సగం ఎరుపు తిరగగానే కోసి గంపలో మాగేశాను. పగలడం దాదాపు ఆగిపోయింది. బాపు రోజుకు రెండు చొప్పున తిన్నాడు. ప్రతిదానికీ ఒక వంక, ప్రతిదానికీ ఒక తిట్టు, కొన్ని బావకు, కొన్ని డాక్టరుకు, ఎక్కువ నాకు. ఎండలు ముదరకముందే దుప్పటి తీసి మడిచి అవ్వ చేతికిచ్చి గుంతలోకి దిగాడు.

మరుసటి ఏడు నారు తెస్తే, "మళ్ళ తెచ్చినవా" అన్నాడు. ఆ పై ఏడూ అదే మాట. పోయేదాకా పదేళ్ళు తిట్టుకుంటూ తిన్నాడు, పదేళ్ళు నేను విసుక్కుంటూ నీళ్ళు మోశాను, "నేడు కూడా బాపుతో టమాటా తగాదా" అని రాసుకున్నాను. ఆ పుటలన్నీ ఇప్పుడు వరసగా తిప్పి చూస్తే, విసుగని రాసుకున్న రోజులే ఆయన నాకు మిగిలి ఉన్న రోజులని, కాలం తాను గడిచిపోయాక గాని చెప్పలేదు.