సంతోషమ్మ కోసం తీసుకున్న ఏసీ గది

2023 మే 15, సోమవారం, పగలు మూడుంబావు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డులో ఒక నీళ్ల పార్కు ఉంది. దాని హోటల్లో నాది హౌస్‌కీపింగ్, అంటే గదులు ఊడ్చి పక్క దుప్పట్లు మార్చే పని. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. జరిగింది జరిగినట్టు రాయడమే వచ్చు.

ఆ హోటల్లో గదులు రెండు రకాలు. పాత బ్లాకు పెంకులది. ఫ్యాను, చెక్క కిటికీ, ముందర వరండా. వరండాలో కూర్చుంటే పిల్లలు నీళ్లలోకి జారేది కనిపిస్తుంది. కొత్త బ్లాకు అద్దాలది. ఏసీ ఉంటుంది, కిటికీలు తెరుచుకోవు. తాళంచెవికి బదులు కీ కార్డు. దాన్ని లోపల గోడకున్న సందులో పెడితేనే గదికి కరెంటు. తీసేస్తే వెంటనే పోదు. మనిషి తలుపు దాటేదాకా ఉండి, తర్వాత పోతుంది.

ఆ పొద్దు పన్నెండింటికి వింజమూరు వైపు నుంచి ఆటోలో ఒక కుటుంబం దిగింది. ఇళ్లు కట్టే బేల్దారి ప్రకాశం, భార్య రూతమ్మ, కూతురు కీర్తన, ప్రకాశం తల్లి సంతోషమ్మ. ముసలామెకు పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు ఆడవు.

ముందు పాత గది చూపించాను. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడితే సంతోషమ్మ ముఖం విప్పారింది.

"ఈడే ఉందాం నాయనా. పాప జారేది అగపడతాది."

ప్రకాశం ఒప్పుకోలేదు. "ఇంటికాడా పెంకులే, ఈడా పెంకులేనా మా? ఊళ్లో అందరికీ ఏసీ గదులు కట్టినాను. నిన్ను ఒక్కరోజన్నా అట్టా గదిలో పండుకోబెట్టలేనా?"

"ఆ చలి నా ఎముకలు కొరుకుతాదిరా."

"దుప్పటి కప్పతాలే అత్తా," అంది రూతమ్మ. "తల మీదదాకా కప్పతా. నీ సణుగుడు కూడా ఇనపడదు."

ముసలామె పడీపడీ నవ్వింది. నేను మాత్రం ఉన్నమాట అన్నాను. "ఆమెకు ఈ గదే మేలు అబ్బయ్యా. గాలి ఉండాది."

"నువ్వూ ముసల్దానివే గదా అవ్వా, ఆమె పక్కే మాట్లాడతావు," అన్నాడు. ఆ మాటలో తల్లి మీద ప్రేమ తప్ప ఇంకేం లేదు. కొత్త గదే తీసుకున్నారు.

మూడు దాటాక తువ్వాళ్లు మోసుకుని నీళ్ల దగ్గరికి పోయాను. తండ్రీ కూతుళ్లు నీళ్లలో ఉన్నారు. రూతమ్మ గట్టు మీద చెప్పులకు కాపలా కూర్చుని ఉంది.

"మీ అత్త ఏదమ్మా?"

"రూములో. అన్నం తిని ఒంటిగంటకే పండుకున్నాది. ఏసీకి హాయిగా గురకపెడతా ఉంటే లేపబుద్ధి కాలా."

ఆమె బొడ్లో కీ కార్డు దోపుకుని ఉంది.

కొండ కింద ఊళ్లలో కోతుల బెడద. మంచాన పడ్డ పెద్దవాళ్లను లోపలే ఉంచి, బయట తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని కయ్యకు, అంటే పొలానికి, పోవడం అక్కడి ఆడవాళ్లకు అలవాటు. తాళంచెవి ఇంట్లో వదిలేసి పోరు. రూతమ్మా అంతే చేసింది. ఆమె తలుపు వేసేటప్పటికి ఏసీ ఇంకా ఆడుతూనే ఉంది.

"కార్డు తీస్తే గదికి కరెంటు పోతాది తల్లీ!" అని అరిచాను.

ప్రకాశం తడిబట్టలతోనే పరిగెత్తాడు. వెనకే మేమందరం. కొత్త బ్లాకుకు పడమటెండ. కార్డు ఆనిస్తే గడియ విడిపోయింది కానీ తలుపు సగమే తెరుచుకుంది. వెనక ఏదో అడ్డం. మెల్లగా నెట్టాడు. సంతోషమ్మ గుమ్మం దగ్గర నేల మీద, తలుపు కింది సందుకు ముక్కు ఆనించి పడి ఉంది. మంచం మీది నుంచి ఒంటి చేత్తో అక్కడిదాకా పాకింది గానీ, పైన గడియ అందలేదు. గదిలోంచి పొయ్యి సెగలా కొట్టింది.

కొడుకు ఆమె తల ఒళ్లో పెట్టుకుంటే కళ్లు తెరిచింది.

"మీక్కూడా కరెంటు పోయినాదా నాయనా? వస్తాదిలే అని చూస్తా ఉండా."

ఎండాకాలం కరెంటు పోవడం మా వైపు మామూలే. అందరికీ పోయిందనుకుని, చాలాసేపు ఓపిగ్గా పడుకునే ఉంది. ఎవరినీ కేక వెయ్యలేదు.

మా హోటలు డ్రైవరు రఫీ వ్యాను తెచ్చాడు. ఆత్మకూరు ఆసుపత్రి చేరకముందే, దారిలోనే సంతోషమ్మ పోయింది. రూతమ్మ పిడికిట్లో కార్డు అట్లాగే ఉంది. ప్రకాశం ఆమెను ఒక్క మాట అనలేదు. "రూము ఎంచింది నేను," అన్నాడు. భార్యను తిట్టి ఉన్నా బాగుండేది.

ఇప్పుడు గోడకున్న కార్డు సందు పక్కన తెలుగులో చీటీ అతికించారు, కార్డు తీస్తే కరెంటు పోతుందని. దుప్పట్లు మార్చే ప్రతిసారీ అది నా కళ్ల పడుతుంది. చదవడం రాకుంటే బాగుండునని అప్పుడే అనిపిస్తుంది.

ఎవరిని తిట్టుకోవాలో తెలిస్తే మనసుకు కొంత తేలిక. ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు. ఈ సంగతి నాకు నేర్పింది ఒక్క ప్రశ్న. పాత గది మంచిదా, కొత్తదా అని ఎవరన్నా అడిగితే, "మీరందరూ నీళ్లకు పోతే గదిలో ఎవరు మిగులుతారు?" అని అడుగుతాను. చాలామంది తిరిగి, ఏసీ ఉందా అని అడుగుతారు.

ఆ తలుపు తెరిచినప్పుడు అక్కడ ఉన్నది బేల్దారి ప్రకాశం, రూతమ్మ, తడి జుట్టుతో కీర్తన, మా కేకలకు పరిగెత్తుకొచ్చిన రఫీ, ఇది రాస్తున్న మస్తానమ్మ. గుమ్మం దగ్గర, నేల మీద, సంతోషమ్మ.