దీమాన్ని తిన్నదెవరు

దయ్యాల మీద నాకున్న నమ్మకం, "వచ్చే క్వార్టర్‌లో నీ ప్రమోషన్ ఖాయం" అని మా మేనేజర్ అన్నప్పుడు కలిగే నమ్మకమంత. డల్లాస్ పక్కన కాపెల్‌లో మేం కొన్న ఇంటి పాత యజమాని మెట్ల మీంచి పడి చనిపోయాడని ఏజెంట్ నసిగితే, "మెట్లకి వారంటీ ఉందా?" అని అడిగినవాణ్ణి నేను.

ఇంకోటి కూడా ముందే ఒప్పుకుంటాను. నేను కోతలరాయుణ్ణి. మా పెరటి సొరకాయ పొడవు నేను ఎంత చెబితే అందులో సగం తీసేసుకోవడం మా స్నేహితులకి అలవాటు. అందుకే ఈ ఒక్కసారికీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. కోత కోసినచోట కోశానని నేనే చెప్పేస్తాను. చెప్పనిచోట ఉన్నది ఉన్నట్టే.

ముందు దీమం అంటే ఏమిటో చెప్పాలి. కౌజు పిట్టల్ని పట్టేవాళ్ళు పెంపుడు కౌజునొకదాన్ని పంజరంలో పెట్టి తుప్పల మధ్య ఉంచుతారు. అది కూస్తుంది. నా ఇలాకాలో ఎవడ్రా కూసేది అని అడవి కౌజు కయ్యానికి వచ్చి ఉచ్చులో పడుతుంది. ఆ పెంపుడు పిట్టే దీమం.

నల్లగొండ దగ్గర మా మేనమామ యాదగిరికి అలాంటి దీమం ఉండేది. దాని కూత మైలు దూరం వినిపించేది. (కోత. రెండు ఫర్లాంగులు.) ఆ కూతలో ఒక లోపం ఉండేది. మామూలు కౌజు "కిటీతర్, కిటీతర్, కిటీతర్" అని ఆపకుండా కూస్తుంది. ఇది మూడోసారి మధ్యలో ఆగి, ఎక్కిలి వచ్చినట్టు మింగి, మళ్ళీ అందుకునేది. మామ ఈల వేస్తే పలికేది. ఆ ఈల నాకూ, మా పెద్దమ్మ కొడుకు రఘుకీ నేర్పాడు. మామ కూతురు విజయ, అప్పటికి ఆరేళ్ళది, దీమం కాలికి చిన్న గజ్జె కట్టింది.

దీమం చనిపోతే గింజలు వేసి పూడ్చాలి, వండుకోకూడదు. అది మామ నియమం. తన జాతిని నీకు పట్టిచ్చిన పిట్టని ఎట్ల తింటవురా అనేవాడు. "దీమాన్ని తిన్నోడు పిలిస్తే ఇంక ఏ పిట్టా పలకదు" అని కూడా అనేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి మామ ఇంట్లోనే నెల రోజులు మంచం పట్టాను. ఆ రోజుల్లోనే దీమం మాయమైంది. వెతగ్గా వెతగ్గా, అమ్మమ్మ నాకు రోజూ కోడి రసం పోసే గిన్నెలో, నా మంచం కింద, సన్నటి ఎముకలు దొరికాయి. కోడివి కావు. తిన్నది నేనే అని ఇంట్లో అందరూ తేల్చేశారు.

ముందు రోజు కిటికీలోంచి నేను కళ్ళారా చూశాను. కొట్టం వెనక రఘు కూర్చుని ఈకలు పీకుతున్నాడు. వాడే తిని ఎముకలు నా గిన్నెలో పడేశాడు. ఆ మాటే చెప్పాను. జ్వరంలో కలవరిస్తున్నాడన్నారు. రఘు నోరు విప్పలేదు.

మామ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ తర్వాత బతికిన పదహారేళ్ళూ నాతో మాట్లాడలేదు. ఇందులో కోత లేదు.

ఇప్పుడు రఘు శాన్ రామన్‌లో ఉంటాడు. నాకంటే ఏడాది పెద్ద కాబట్టి ఎదురుగా అన్నా అంటాను, మనసులో వాడు అంటాను. విజయ తూర్పు తీరం వైపు మోరిస్‌విల్‌లో ఉంటుంది. ఆమెకి మేమిద్దరం బావలమే, కానీ వాడు రఘు బావ, నేను పిట్ట బావ. ఆమె పిల్లలకి నేను పిట్టంకుల్. ఇద్దరు పిల్లలూ ఎంతో గౌరవంగా, అమెరికన్ యాసలో, "హాయ్ పిట్టంకుల్" అంటారు.

మొన్నామధ్య ఆమె కూతురి గ్రాడ్యుయేషన్ పార్టీలో రెండొందల మంది (ఎనభై మంది) ముందు విజయ మైకు పట్టుకుని, "ఈయన మా పిట్ట బావ. మా నాయన పెంచుకున్న పిట్టను రసం పెట్టుకుని తాగినోడు. మీ ఇండ్లల్ల లవ్‌బర్డ్స్ ఉంటే జర భద్రం!" అని పరిచయం చేసింది. హాలంతా నవ్వింది. మూల నిలబడి సమోసా తింటున్న రఘు కూడా నవ్వాడు.

ఆ సమోసా నాకింకా కళ్ళ ముందే ఉంది. పగ అప్పుడే పుట్టింది.

కాలిఫోర్నియా కొండల్లో చిన్న చిన్న పిట్టల్ని వేటాడటం రఘుకి పిచ్చి. లైసెన్సు, తుపాకీ, నారింజ రంగు చొక్కా, అన్నీ ఉన్నాయి. హవాయి పెద్ద దీవి ఎగువ వాలులో వేటాడాలని పదేళ్ళుగా కలలు కంటున్నాడు. నేను కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే, వేట కోసం ఎప్పుడో రకరకాల పిట్టల్ని తెచ్చి ఆ దీవిలో వదిలారట. అందులో మన కౌజు కూడా ఉంది. హెచ్-1బి లేదు, గ్రీన్ కార్డ్ లైన్ లేదు, దిగీ దిగగానే స్థిరపడిపోయింది.

నా పథకం అప్పటికప్పుడు తయారైంది. రఘుని ఆ వాలు మీద నిలబెట్టాలి. విజయని వీడియో కాల్‌లో పెట్టాలి. మామ ఈల వేయమనాలి. వాడు దీమాన్ని తిన్నవాడు కాబట్టి ఏ పిట్టా పలకదు. తర్వాత నేను వేస్తాను, కొండంతా పలుకుతుంది. మామ మాటే సాక్ష్యం. ఆ రోజు నుంచి పిట్ట బావ వాడు.

దయ్యాల్ని నమ్మనివాడు ఈ మాటనెలా నమ్మాడని మీరు అడగొచ్చు. మామ మాట విజయ నమ్ముతుంది. నాకు అది చాలు.

ఫోన్ చేసి హవాయి అనగానే రఘు ఎగిరి గంతేశాడు. నాలుగు నెలలు, ప్రతి ఆదివారం పొద్దున కాల్‌లో ప్లానింగ్. మా ఆఫీసులో ఏ రిలీజ్‌కీ చేయనంత చేశాను. షేర్డ్ స్ప్రెడ్‌షీట్‌లో లైసెన్సుకో ట్యాబ్, అద్దె కారుకో ట్యాబ్, బూట్లకో ట్యాబ్, పులిహోరకో ట్యాబ్. చివర 'పగ' అని ఇంకో ట్యాబ్ పెట్టి దాన్ని హైడ్ చేశాను. అందులో ఎవరు ఎక్కడ నిలబడాలి, విజయకి ఎన్నింటికి ఫోన్ చేయాలి, రఘు ముఖం మాడిపోగానే నేను ఏమనాలి, అన్నీ ఉన్నాయి. ఏమనాలనేదానికి పదకొండు వెర్షన్లు రాసుకున్నాను.

వేటగాళ్ళ భద్రతా తరగతికి కూడా వెళ్ళాను. ఎందుకు వేటాడాలనుకుంటున్నారని అడిగితే, కుటుంబ కారణాలు అన్నాను.

రోజూ సాయంత్రం పెరట్లో ఈల సాధన. ఇక్కడ ఒక చిన్న విషయం. నేను ఈల వేసిన ప్రతిసారీ కంచె మీద కిచకిచలాడే పిచ్చుకలు టక్కున ఆగిపోయేవి. "మీ ఈలకి అవే కాదు, మన కాలనీ హెచ్‌ఓఏ వాళ్ళు కూడా నోరు మూసుకుంటారు" అంది మా ఆవిడ. నేనూ నవ్వాను.

వేట సీజన్ నవంబర్‌లో మొదలవుతుంది. చోటు చూసి రావడానికి అక్టోబర్‌లోనే మూడు రోజులు వెళ్ళాం. తుపాకులు లేవు, బైనాక్యులర్లు మాత్రమే. దీవి పొడి వైపు వాలు ఎక్కుతూ మాటిమాటికీ ఆగి చూశాను. నల్లటి లావా రాళ్ళు, ఎండు గడ్డి, కింద సర్కారు తుమ్మలాంటి చెట్లు. దూరంగా సముద్రం కనిపించకపోతే నల్లగొండే.

రెండో రోజు పొద్దున ఏడు గంటలు. మంచి ఎండ. చుట్టూ కౌజులు కూస్తూనే ఉన్నాయి. విజయకి వీడియో కాల్ చేసి ఫోన్‌ని రాయికి ఆనించాను. ఆమెకి మధ్యాహ్నం ఒంటి గంట, చేతిలో అన్నం ప్లేటు ఉంది. దాని పక్కనే, బైనాక్యులర్లతో పాటు, నా రెండో ఫోన్ వీడియో తీస్తోంది. అంతా 'పగ' ట్యాబ్‌లో రాసుకున్నట్టే.

"అన్నా, మామ ఈల వెయ్యవా, విజయ వింటది" అన్నాను, తేనె పూసినట్టు.

"వద్దులే తమ్మీ. ముందు నువ్వెయ్యి" అన్నాడు.

"పెద్దోడివి, నువ్వే ముందు."

రఘు వేశాడు. అంత చెత్త ఈల నేనెప్పుడూ వినలేదు. గాలి తప్ప చప్పుడు లేదు.

గడ్డిలోంచి ఒక కౌజు పలికింది. కిటీతర్, కిటీతర్. మూడోసారి మధ్యలో ఆగింది. మింగింది. మళ్ళీ అందుకుంది.

నా వీపు మీద ఎండ కొడుతూనే ఉంది. అయినా చొక్కా పై గుండీ పెట్టుకున్నాను.

పిట్ట బయటికి వచ్చింది. అడవి కౌజు మనిషిని చూస్తే పారిపోతుంది. ఇది నేరుగా నడుచుకుంటూ వచ్చి రఘు బూటుకి జానెడు దూరంలో ఆగింది. అడుగు వేసినప్పుడల్లా సన్నగా గజ్జె చప్పుడు. దాని రెండు కాళ్ళూ చూశాను. గజ్జె లేదు. ఏమీ లేదు.

"బావా, ఆ గజ్జె చప్పుడేంది?" అంది విజయ ఫోన్‌లోంచి. ప్లేటు కింద పెట్టేసింది. "రఘు బావా, అది... గజ్జెనే గదా?"

ఇక నా వంతు. ఈ పిట్ట నా దగ్గరికి కూడా రావాలి, రాకపోతే నలభై ఏళ్ళ నా మాట అబద్ధమైపోతుంది. ఊపిరి నిండా తీసుకుని ఈల వేశాను. బాగా వచ్చింది, మామ ఈలే.

వాలు మొత్తం మూగబోయింది. ఆ ఒక్క పిట్ట కాదు. పైన, కింద, అటు, ఇటు, అప్పటిదాకా కూస్తున్న ప్రతి కౌజూ. గాలి గడ్డిని రాసుకునే చప్పుడు ఒక్కటే మిగిలింది. రఘు బూటు దగ్గరున్న పిట్ట తల తిప్పి నన్ను చూసింది. తర్వాత గడ్డిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ వేశాను. మూడోసారి వేశాను. నాలుగోసారికి నోరెండి ఈల రాలేదు.

పదకొండు వెర్షన్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"రఘు బావా" అంది విజయ. "ఏమైందో చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను ఫోన్ పెట్టెయ్య."

రఘు రాయి మీద కూర్చున్నాడు. "నీ హిడెన్ షీట్ జూన్‌లనే అన్‌హైడ్ చేసి చదివిన తమ్మీ" అన్నాడు నాతో. "ఎడిటర్ యాక్సెస్ ఇచ్చి దాపెడితే దాగుతదా? నువ్వు గెలవాలనే వచ్చిన. అందుకే ఈల చెడగొట్టిన. పిట్ట పలకదు, సరే నేనే తిన్న అని ఒప్పుకుందామనుకున్న."

"మరి తినలేదా?"

"నేను సంపిన. తిన్నది నువ్వు."

టైఫాయిడ్ తగ్గినా నేను లేవలేకపోతున్నానట. కౌజు రసం తాగితే బలం వస్తుందని అమ్మమ్మ అందట. అడవి కౌజు ఆ వారం ఒక్కటీ చిక్కలేదట. పదేళ్ళ రఘు పంజరం తలుపు తీశాడు. అమ్మమ్మ వండి, కోడి రసమని చెప్పి నాతో తాగించింది. ఎవరికీ చెప్పొద్దని వాడితో ఒట్టు వేయించుకుంది.

"మామ ఆ ఎముకలు చూసిననాడే చెప్పాల్సింది. భయమైంది. తర్వాత్తర్వాత ఎట్ల చెప్పాల్నో తెల్వలే" అన్నాడు.

"పార్టీల నవ్వినవ్ గదా" అన్నాను. ఆ సమయంలో నాకు తోచిన మాట అదొక్కటే.

"ఏడిస్తే అందరూ చూస్తరని నవ్విన."

విజయ ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టేసింది. చాలాసేపు స్క్రీన్‌లో ఆమె సీలింగ్ ఫ్యాన్ మాత్రమే కనిపించింది.

సాక్ష్యాల సంగతి. రెండో ఫోన్ తీసిన వీడియో నా దగ్గరుంది. అందులో పిట్ట కూత ఉంది, మింగడం ఉంది. నా ఈల తర్వాత నిశ్శబ్దం ఉంది. గజ్జె చప్పుడు మాత్రం లేదు. ఒకే రాయి దగ్గర పక్క పక్కనే ఉన్న రెండు ఫోన్లలో ఒకటి ఆ చప్పుడు మోరిస్‌విల్ దాకా మోసుకెళ్ళింది, రెండోది వినను కూడా వినలేదు. ఆడియో తెలిసిన ఇద్దరికి చూపించాను. నాయిస్ క్యాన్సలేషన్ అన్నాడొకడు. రెండోవాడు ఇంకోసారి వినిపించమని, విని, లేచి వెళ్ళిపోయాడు.

నవంబర్‌లో వేటకి వెళ్ళలేదు. టికెట్లు రఘు క్యాన్సిల్ చేశాడు.

పిచ్చుకలు ఆగడం ఆ ఈల వల్లే, నా వల్ల కాదు అని నిరూపించాలని చాలా చూశాను. అదే ఈల మా ఆవిడ చేత వేయించాను, ఆగలేదు. రికార్డు చేసిన మామూలు ఈలలు వినిపించాను, ఆగలేదు. నేను వేస్తే ఆగుతాయి. డల్లాస్‌లో, ఆస్టిన్‌లో, ఒకసారి జూలో కూడా చూశాను. జూ సంగతి కోత అయితే బాగుండేది.

అంతు చిక్కనిది ఇంకొకటుంది. చంపినవాడి కాళ్ళ దగ్గరికి నడుచుకుంటూ వచ్చిన పిట్ట, ఏమీ తెలియక తాగినవాడి మీద ఇంత పగ ఎందుకు పట్టింది? పోయిన నెల రఘు అన్నని ఇదే అడిగాను.

ఆయన తిరిగి నన్నే అడిగాడు. "మెడ పట్టుకున్నప్పుడు దానికి సారీ చెప్పిన తమ్మీ. తర్వాత గూడ శానా సార్లు చెప్పిన. నువ్వెప్పుడన్నా చెప్పినవా?"

చెప్పలేదు. నలభై ఏళ్ళూ నాకు జరిగిన అన్యాయమే తలుచుకున్నాను గానీ ఆ పిట్టని ఒక్కసారీ తలుచుకోలేదు. ఇప్పుడు చెప్పాలనే ఉంది. కానీ చెప్పాలంటే ముందు దాన్ని పిలవాలి కదా. నేను పిలిస్తే అది పలకదు.