కాటా చిన్నాయన మంచుకోటు

పోయిన వారం కాకినాడ పక్క పల్లె నుంచి ఇన్‌లాండ్ కవరు వచ్చింది. కాటా చిన్నాయన కూతురు రాసింది. "నాన్నగారు ఆదివారం పొద్దున్న పోయారు. రెండు రోజులు ఊపిరందక అవస్థ పడ్డారు. ఆయన నోటుబుక్కులో మీ చిరునామా ఉంటే రాస్తున్నాను." నోటుబుక్కు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒకప్పుడు దాన్ని చూసే నేను ఆయన్ని గూఢచారి అనుకున్నాను. ఆ సంగతి దాచి ఆయన మంచితనం గురించి మీకు రాయడం న్యాయం కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. కువైట్‌లో, సులైబియాలోని ఉల్లిగడ్డల గోడౌన్‌లో కాటా దగ్గర పనిచేసేవాడు. కడప వాళ్లమంతా చిన్నాయన అనేవాళ్లం. ఇరాక్ సైన్యం వచ్చిన వారానికే నేను పనిచేసే ఇంటివాళ్లు సౌదీకి వెళ్లిపోయారు. మేం మామా అని పిలిచే ఆ ఇంటావిడ నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "ఖలాస్, నీ దారి నువ్వు చూసుకో" అంది. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. పదో తరగతి పాసయ్యాను. మా వంశంలో బడికి పోయింది నేనొక్కదాన్నే.

నాలాంటి వాళ్లం పదకొండు మందిమి ఆ గోడౌన్‌లో చేరాం. జోర్డాన్ సరిహద్దు దాటితే మన విమానాలు వస్తున్నాయని విన్నాం. అక్కడిదాకా పోవడానికి ఉన్నది గోడౌన్ చిన్న లారీ, అక్కడి మాటలో హాఫ్ లారీ, ఒక్కటే. యజమాని పారిపోతూ తాళాలు చిన్నాయనకిచ్చాడు. లారీ వెనక పెరట్లో ఉందనీ, టైర్లు అరిగిపోయాయనీ ఆయన చెప్పడమే, మేం చూడలేదు. స్టెప్నీ ఒక్కటే ఉందట.

అనుమానం మొదటి రోజే పుట్టింది. సైనికులు కనబడిన బండినల్లా ఎత్తుకుపోతుంటే ఇదొక్కటే ఎట్లా మిగిలింది? పైగా ఆయన చెప్పే కథలు. కువైట్‌కు రాకముందు ఓడలో పనిచేస్తూ దిగిపోయి, ఒక మంచుదేశంలో ఆరేళ్లు ఒక చిన్న విమానాల కంపెనీలో సామాను ఎక్కించాడట. ఆ ఊళ్లకు రోడ్లే ఉండవట. చలికాలం సముద్రం కూడా గడ్డకడుతుందట. పిండి, మందులు, ఉత్తరాలు, పురిటికి పోయే ఆడవాళ్లు, శవపేటికలు, అన్నీ ఆ బుల్లి విమానంలోనే పోవాలట. ఎక్కే ప్రతి మనిషీ బూట్లు, కోటు, సంచీతో సహా కాటా మీద నిలబడాలట.

"మనిషిని గూడా కాటా ఎక్కిస్తారా? ఉల్లిగడ్డల మాదిరి?" అని కోడూరక్క నవ్వింది. ఆమె మాలో పెద్దది, ఏళ్ల తరబడి కువైట్ ఇళ్లలో వంట చేసింది.

"మనిషే ముందు ఎక్కాలమ్మా. ఉల్లిపాయ అబద్ధమాడదు కదా."

"ఆడికి పోయినట్టు గుర్తేమన్నా ఉండాదా చిన్నాయనా?"

"ఉంది. ఈ ఎండలో తీసి చూపిస్తే పిచ్చోడంటారు."

ఏదీ చూపించలేదు. మరుసటి రోజు మా అందరినీ మూటలతో సహా ఉల్లిగడ్డల కాటా ఎక్కించాడు. బరువులు బయటికి చదవకుండా నోటుబుక్కులో రాసుకున్నాడు. కొన్ని సామాన్లు వద్దని పక్కన పెట్టించాడు. రెండు టేప్ రికార్డర్లు, ఇనప పెనం, కోడూరక్క కూతురికని కొన్న కుట్టుమిషను తల, నా పుస్తకాల మూట.

కోడూరక్క నన్ను చాటుకు పిలిచింది. "పాపా, నువ్వు సదువుకున్నేదానివి. ఆయప్ప ఏం రాసుకుంటాండాడో చూడు. నాకెందుకో నమ్మకం ల్యా."

ఆయన నీళ్లకు పోయినప్పుడు నోటుబుక్కు తెరిచాను. పేర్లు లేవు. వరసగా అంకెలు, ప్రతి అంకె పక్కన ఒక ప్లస్ గుర్తు, నాలుగు. మేం పావడా అంచుల్లో కుట్టుకున్న బంగారం ఆయనకు తెలిసిపోయిందనీ, చెక్‌పోస్టుల్లో పట్టించడానికే ఆ గుర్తులనీ అనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. చదువుకున్నదాన్ని కదా, నమ్మారు. నాలుగు కిలోల బంగారం మాలో ఎవరికుంది అన్న ఆలోచన నాకే రాలేదు.

"అయితే మన సామాన్లు గూడా అమ్ముకునేదానికే పక్కన పెట్టించినాడు" అంది కోడూరక్క.

తెల్లవారి ఆయన ఉల్లి గోతాల కింద నుంచి నాలుగు టైర్లు బయటికి లాగాడు. లారీని ఇటుకల మీద నిలబెట్టి, పనికిరాని బండిలా కనబడేట్టు చేసి సైనికుల నుంచి కాపాడాడన్నమాట. అప్పుడూ నా అనుమానం పోలేదు. ఇంత దాచగలిగినవాడు ఇంకేం దాచాడో అనుకున్నాను. ఆయన టైర్లు బిగిస్తుంటే, ఆయన వద్దన్న సామాన్లన్నీ మేం కంబళ్ల కింద ఎక్కించేశాం.

బస్రా దాటాం, బాగ్దాద్ దాటాం. చెక్‌పోస్టు వచ్చినప్పుడల్లా నేను ఆయన పెదాలనే చూశాను. నోటుబుక్కు జేబులోంచి ఒక్కసారీ తీయలేదు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఇసక తప్ప ఏమీ లేనిచోట వెనక టైరు పేలింది. స్టెప్నీ బిగించి, వంగి, బండి కింద బరువుకు కుంగిపోయిన కమాన్లు చూశాడు. "కాటా అయ్యాక ఏవైనా ఎక్కించారా?" అని అడిగాడు. కోడూరక్క కంబళి అంచు సర్దింది. "ఇంకొక్క టైరు పోతే ఇక్కడే. నీళ్లు రేపటిదాకానే."

తర్వాత నా వైపు తిరిగాడు. "పుస్తకం చూసింది నువ్వే కదమ్మా. పేజీ మూల మడిచిపోయావు. బడికెళ్లినవాళ్ల అలవాటది."

అంతా చెప్పేశాను. ఏడుస్తూ, ఆ నాలుగు ఏమిటని అడిగాను.

"మంచుదేశంలో ఒక ముసలావిడ పక్క ఊళ్లో కూతురికని గడ్డకట్టిన చేపలు చంకలో దాచుకుంది. కాటా దిగాక పెట్టుకుంది. నేను నమ్మి ఎక్కించాను. విమానం నేల వదలడానికి మంచు చివరిదాకా పరిగెత్తింది. ఆ రోజు నుంచి ప్రతి మనిషికీ నాలుగు కిలోలు కలుపుతాను. నా బరువుక్కూడా. అనుమానపడ్డమే నా ఉద్యోగం." లారీ వైపు చూపించి, "మీరు నాలుగు కిలోలకి మించి దాచారు," అన్నాడు.

ఒక్కొక్కటే దించాం. కోడూరక్క కుట్టుమిషను తలను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఇసకలో పెట్టింది. నేను నా మూట విప్పాను. మామా పిల్లలు పారేసిన ఇంగ్లీషు పుస్తకాలు, ఒక లావు నిఘంటువు. ఆయన మూటను ఒక చేత్తో ఎత్తి చూశాడు. తిరిగి లారీలో పెట్టాడు.

"దాని పుస్తకాలు మాత్రం ఎందుకు?" అంది కోడూరక్క.

"దాని బదులు నాది దింపుతున్నాను."

తన సంచి తెరిచాడు. దళసరి నీలం కోటు. టోపీ అంచున బొచ్చు, గుండె మీద దారంతో కుట్టిన బుల్లి విమానం.

"అయ్యో," అంది కోడూరక్క మెల్లగా. "నిజంగానే పొయ్యొచ్చినాడే."

ఆయన కోటును చేతుల్లో ఒకసారి తూచాడు. "సరిపోద్ది," అని, టేప్ రికార్డర్ల పక్కన పరిచి, "యల్లా, ఎక్కండి" అన్నాడు.

మర్నాడు సరిహద్దు చేరాం. తర్వాత ఆయన రాసిన ప్రతి ఉత్తరంలోనూ నా చదువు గురించే అడిగేవాడు. ప్రైవేటుగా బీఏ కట్టానని రాస్తే, "నిఘంటువు ఉందా?" అని ఒక్క ముక్క రాశాడు. ఉంది. ఇది రాస్తూ కూడా రెండుసార్లు తెరిచాను.

ఆ రోజు లారీ కదిలాక నేను వెనక్కి చూస్తూ కూర్చున్నాను. ఆయన ఒక్కసారీ తిరిగి చూడలేదు. ఎర్రటి ఎండలో, ఇసక మీద, ఆ మంచుకోటు చేతులు చాపి పడుంది. వేడిగాలికి దాని టోపీ బొచ్చు కదులుతూ కనబడింది, చాలా దూరం దాకా.