తలుపు మీద నోటీసు, అమ్మ ఇచ్చిన మెతుకులు

ఈ రోజు మధ్యాహ్నం భీమవరంలో మా ఇంటికి బ్యాంకు నుంచి ఒకాయన వచ్చాడు. ఐదు నెలల కిందట పోయిన మా నాన్న, రొయ్యల చెరువు కోసం ఈ ఇంటినే తాకట్టు పెట్టారు. బాకీ కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామన్న నోటీసు తలుపుకి అంటించడం ఆయన పని. తీరా చూస్తే గమ్ తెచ్చుకోవడం మరిచిపోయాడు.

“ఏమనుకోకండమ్మా, కాస్త అన్నం మెతుకులుంటే ఇస్తారా?” అని మా అమ్మనే అడిగాడు. అమ్మ గిన్నెలో వేసి తెచ్చిచ్చింది. పైగా మజ్జిగ కూడా ఇచ్చింది!

నాకు ఒళ్ళు మండింది. “నాన్న చేసిన అప్పు నేను కట్టాలా అండీ?” అన్నాను.

“మీ జీతం జోలికి రామండి. కానీ ఇల్లు తాకట్టులో ఉంది కదండీ. అది మీకు మిగలాలంటే మాత్రం మీరే కట్టుకోవాలండి,” అని నోటీసు అంటించి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేక గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం గాలికి నోటీసు ఒక మూల లేచింది. దానంతటదే ఊడిపోతే బాగుండునని చూస్తూ నిలబడ్డాను. ఇంతలో అమ్మ ఇంకో నాలుగు మెతుకులు తెచ్చి, ఆ మూలని గట్టిగా నొక్కి అంటించింది.

“ఏంటమ్మా ఇది?” అని అరిచాను.

“మీ నాన్న పేరుందే దాని మీద. కింద పడితే ఎవరైనా తొక్కుతారు,” అంది.

ఇలాంటావిడని ఇంట్లో పెట్టుకుని బ్యాంకుతో ఎలా పోట్లాడాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.