రేటు కోసం ఆగిన పన్నెండు వందల దినార్లు

2024 ఫిబ్రవరి. కువైట్‌లోని దజీజ్‌లో ఒక ఎక్స్ఛేంజ్ కంపెనీ బ్రాంచిలో నేను కౌంటర్ మీద కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లయింది. చుట్టూ గోదాములు, వాటిలో పనిచేసే మనవాళ్లు. జీతాలు పడిన వారం, శుక్రవారం నమాజు అయ్యాక షట్టర్ ఎత్తితే లైను బయట కార్లు ఆపే చోటిదాకా ఉంటుంది. నా పని రెమిటెన్స్. అంటే ఇక్కడి దినార్లు తీసుకుని, ఇండియాలో వాళ్ల ఖాతాకు రూపాయలు చేర్చడం. కార్డు చూడాలి, ఖాతా నంబరు సరిచూడాలి, రసీదు ఇవ్వాలి. కౌంటర్ మీద సలహాలు ఇవ్వకూడదని కంపెనీ రూలు. అందుకే సలహా అడిగేవాళ్లను డ్యూటీ దిగాక పక్కనున్న మలయాళీల టీ కొట్టుకు రమ్మంటాను.

నేను ఇంటర్ తప్పిన మనిషిని. చదువు మానేసినా చదవడం మానలేదు. కోనసీమలో మా శాఖా గ్రంథాలయంలో బ్యాంకు పరీక్షల గైడ్లన్నీ, పరీక్ష రాసే అర్హత లేకపోయినా, అట్ట నుంచి అట్ట దాకా చదివాను. చక్రవడ్డీ లెక్క నాకు మాస్టారు నేర్పింది కాదు, ఆ లైబ్రరీ బల్ల మీద నాకు నేను నేర్చుకున్నది. కువైట్ వచ్చాక ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు అర కనిపించింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెలకొక పుస్తకం చదివేవాణ్ని. డబ్బు గురించి అమెరికా వాళ్లు రాసినవే వాటిలో ఎక్కువ.

ఓబులేసు నా పాత కస్టమరు. అన్నమయ్య జిల్లా రాయచోటి మనిషి, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆ శుక్రవారం డబ్బు పంపడానికి కాదు, ఫోను చూపించడానికి వచ్చాడు. అమెరికాలో ఉండే ఒక తెలుగాయన వీడియోలో ఇంటి అప్పు తొందరగా తీర్చే ఉపాయం చెబుతున్నాడు.

“అన్నా, ఈ హెలాక్ అనేది మన రాయచోటిలో దొరుకుతాదా?” అని అడిగాడు.

నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాట నేను అంతకు రెండు నెలల ముందే చదివి ఉన్నాను. టీ కొట్టులో కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. హెలాక్ అంటే హోమ్ ఈక్విటీ లైన్ ఆఫ్ క్రెడిట్. ఇంటి విలువలో అప్పు పోగా మనకు మిగిలే భాగం ఈక్విటీ. దాన్ని హామీగా పెట్టుకుని బ్యాంకు ఇంతవరకు వాడుకోవచ్చని ఒక పరిమితి ఇస్తుంది. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు, చేతిలో ఉన్నప్పుడు కట్టొచ్చు. వాడిన సొమ్ముకు, వాడిన రోజులకే వడ్డీ. అమెరికాలో కొందరు దీంతో అసలు ఇంటి అప్పు తీర్చేసి, జీతం మొత్తం ఈ లైనులో వేస్తూ, ఖర్చులకు అందులోంచే తీసుకుంటూ ఏళ్లకు ఏళ్లు ముందుగా బయటపడతారు. ఇదంతా నేను చెబుతుంటే ఓబులేసు టీ చల్లారిపోయింది.

అతనికి తొందర ఎందుకో అప్పుడు చెప్పాడు. భార్య రెడ్డెమ్మ కూడా కువైట్‌లోనే ఉంది, బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పని. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారు, ఒకే కప్పు కింద లేరు. అతను కంపెనీ క్యాంపులో, ఆమె ‘మామా’ అని పిలిచే యజమానురాలి ఇంట్లో. శుక్రవారం నాలుగు గంటలు కలుసుకుంటారు, అదీ ఎక్కడో ఒక పార్కు బెంచీ మీద. రాయచోటిలో కట్టుకున్న కొత్త ఇంటికి తాళం. దాని మీద ఇంకా పదమూడు లక్షల అప్పు, ఆరేళ్ల పైనే ఈఎంఐలు. కూతురు కడప హాస్టల్లో తొమ్మిదో తరగతి. “అది ఇంటర్ చదివేటప్పుడన్నా మేము ఇంట్లో ఉండాలన్నా. దానికి ఇంత వండిపెట్టాల. అప్పు పెట్టుకుని పోతే మళ్లీ రావాల్సి వస్తాది,” అన్నాడు.

ఇండియాలో ఇలాంటి దానికి దగ్గరగా ఉండేది ఇంటి మీద ఓవర్‌డ్రాఫ్ట్ అని చెప్పాను. అప్పటికే రెడ్డెమ్మ తమ్ముడికి ఊళ్లో ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఏజెంటు అదే మాట చెప్పాడట. పాత అప్పు తామే తీర్చేస్తామని, ఈఎంఐ గోల ఉండదని. “బాగుంది, తీసుకోండి,” అన్నాను. కాగితం ఒక్కటీ చూడకుండా అన్నాను. నా ఏడేళ్ల పనిలో నేను చేసిన పెద్ద తప్పు అది.

తర్వాతి శుక్రవారం ఓబులేసు ఫోన్లో శాంక్షన్ లెటర్ తెచ్చాడు. అప్పు ఏ షరతుల మీద ఇస్తారో చెప్పే కాగితం అది. నన్ను అడగడానికి కాదు, చూపించి సంతోషపడడానికి తెచ్చాడు. ఆదివారం ఎంబసీకి వెళ్లి బావమరిది పేర పవర్ ఆఫ్ అటార్నీ చేయించాలి, అంటే అతని తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇవ్వాలి. అంతటితో పని అయిపోతుంది. నేను అక్షరాలు పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను. ఇప్పటి బ్యాంకు అప్పుకు వడ్డీ తొమ్మిది శాతం, దీనికి పదమూడు. పరిమితి ఒక్క ఏడాదికే, ఏటా రెన్యూవల్. రెన్యూ చెయ్యకపోతే మొత్తం ఒకేసారి కట్టాలి. నెలనెలా కట్టాల్సింది వడ్డీ మాత్రమే కాబట్టి అసలు దానంతటది తగ్గదు. చెక్కుబుక్కు బావమరిది చేతిలో ఉంటుంది.

అమెరికా పుస్తకంలో ఇంటి అప్పు వడ్డీ, హెలాక్ వడ్డీ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. మన ఊళ్లో వాటి మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ పుస్తకం రాసినాయనకు తెలియదు. నాకు తెలియాలి.

షరతులు ఇప్పుడు మారాయని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ ఓబులేసు నా ముఖంలోకే చూస్తున్నాడు.

“ఓబులేసు గారూ, పోయినవారం నేను చెప్పింది తప్పండి. ఇది పెట్టుకుంటే మీ ఇల్లు పోవచ్చు. ఆదివారం వెళ్లకండి,” అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. “మల్ల ఏం చేయాలన్నా?” అని మాత్రం అడిగాడు.

ఆ రెండు రోజులూ లైబ్రరీలో కాదు, ఇండియా బ్యాంకుల వెబ్‌సైట్లలో గడిపాను. అమెరికా ఉపాయంలో కిటుకు హెలాక్ అనే పేరులో లేదని అప్పుడు అర్థమైంది. మిగిలిన డబ్బు ఒక్కరోజు కూడా ఖాళీగా కూర్చోకుండా అప్పు మీద పడడమే అసలు సంగతి. దానికి కొత్త అప్పు అక్కర్లేదు. మన బ్యాంకుల్లో కొన్నింటికి ఓవర్‌డ్రాఫ్ట్ కలిపిన హోమ్ లోన్ ఉంది. ఈఎంఐ ఉంటుంది, అసలు తగ్గుతూ వస్తుంది. మిగులు డబ్బు అందులో వేస్తే వేసిన రోజు నుంచే అంతకు వడ్డీ పడదు. కష్టం వస్తే తిరిగి తీసుకోవచ్చు. వడ్డీ కాస్త ఎక్కువ, పావు శాతం దాకా. ఓబులేసుకు అప్పిచ్చిన బ్యాంకులోనే ఆ పథకం ఉంది.

ఫోన్ చేసి, నెలకు ఎంత మిగులుతుందని అడిగాను. నూట పది దినార్ల దాకా అన్నాడు. ఆ డబ్బు ఇప్పుడు ఎక్కడుందని అడిగితే కాస్త తటపటాయించి, “మా ఆమె దగ్గర పెట్టెలో ఉండాది. రేటు కోసరం పెట్టింది. పన్నెండు నూర్లు అయినాయి,” అన్నాడు.

గల్ఫ్‌లో మన వాళ్లందరికీ ఉన్న అలవాటిది. దినార్‌కు ఇంకో రూపాయి వస్తుందేమోనని నెలల తరబడి డబ్బు పెట్టెలో దాచడం. కౌంటర్ ఇవతల నుంచి రోజూ చూస్తాను. రేటు బోర్డు చూసి, పెదవి విరిచి, లైనులోంచి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ప్రతి శుక్రవారం పదిమందైనా ఉంటారు.

మరుసటి శుక్రవారం రెడ్డెమ్మ స్వయంగా వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. వాళ్ల వీధిలో పనిచేసే ఆడవాళ్లందరికీ రేటు చెప్పేది ఆమేనట. ఫోన్లో మూడు కంపెనీల రేట్లు పెట్టుకుంది. కూర్చోగానే, “నువ్వేనా అన్నా, ఒక వారం ఒక మాట, మరుసటి వారం ఒక మాట చెప్పేది?” అంది. ఓబులేసు తల దించుకుని కరక్ చాయ్ తాగుతున్నాడు.

“నేనేనండి,” అన్నాను.

“నా డబ్బు తియ్యమంటే తియ్యను. రేటు పెరగాల.”

నేను రసీదు వెనక రాసి చూపించాను. పన్నెండు వందల దినార్లంటే ఆనాటి రేటుకు మూడు లక్షల ఇరవై వేల పైన. దాని మీద తొమ్మిది శాతం వడ్డీ రోజుకు సుమారు ఎనభై రూపాయలు. ఈ డబ్బు పెట్టెలో ఉన్న ప్రతి రోజూ బ్యాంకుకు ఎనభై రూపాయలు ఊరికే పోతున్నాయి.

“రూపాయి పెరిగితే నాకు పన్నెండు నూర్లు రావా?” అంది.

“వస్తాయమ్మా. కానీ పదిహేను రోజులాగితే పన్నెండు వందలు పోతాయి కదా. ప్రతి పదిహేను రోజులకీ ఒక రూపాయి పెరిగితేనే మీకు నష్టం లేనట్టు.”

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత ఫోను తీసి, మొదటి నెల డబ్బు దాచినప్పటి రేటు వెతికింది. పదకొండు నెలలు వెనక్కి వెళ్లింది. అప్పటికీ ఇప్పటికీ తేడా రూపాయిన్నర. ఫోను బల్ల మీద పెట్టేసింది.

“దినామూ చూస్తిని కదన్నా,” అంది చివరికి. గొంతులో ఎకసెక్కెం పోయింది. “పనయినాక దినామూ చూసి పండుకుంటి. ఇట్ల ఎవరూ చెప్పలే.”

“నాకూ ఎవరూ చెప్పలేదమ్మా. పుస్తకంలో ఉంది కదా అని మీ ఇంటినే తాకట్టు పెట్టించబోయాను.”

ఆమె నవ్వింది. “అయితే ఇద్దరం ఒకటే బడి. యల్లా, ఫారం తియ్,” అంది. టీ కొట్టులో ఫారాలు ఉండవని చెప్పి బ్రాంచికి తీసుకెళ్లాను. రేటు చూసి పంపుదామని వెంట తెచ్చుకున్న డబ్బంతా ఆ రోజే పంపింది. ఇండియాలో ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మార్కెట్‌తో పాటు మారే వడ్డీ ఉన్న ఇంటి అప్పును ముందుగా కడితే జరిమానా ఉండదు. మొత్తం అసలులోకే వెళ్లేలా బ్యాంకుకు ఉత్తరం రాయించాను. అది రాయకపోతే కొన్ని చోట్ల రాబోయే ఈఎంఐల కింద జమ చేస్తారు.

మే నెలలో ఓబులేసు సెలవు మీద వెళ్లాడు. బ్యాంకులో అడగాల్సినవి ఒక కాగితం మీద రాసిచ్చాను. వడ్డీ ఎంత పెరుగుతుంది, మార్పు ఫీజు ఎంత, వేసిన డబ్బు ఎవరి సంతకంతో బయటికి వస్తుంది. మొదటి రోజు బ్యాంకులో గల్ఫ్ వాళ్లకు అలాంటిది లేదన్నారట. మర్నాడు మళ్లీ వెళ్లి, వాళ్ల వెబ్‌సైట్ పేజీ వాళ్లకే చూపించి, సాయంత్రం దాకా కుర్చీ వదల్లేదట. నాలుగో రోజున అప్లికేషన్ తీసుకున్నారు. రెడ్డెమ్మ సంతకం ఇక్కడ ఎంబసీలో ధ్రువీకరించి పంపాం. సొమ్ము తీసుకోవడానికి భార్యాభర్తలిద్దరి సంతకమూ కావాలని రాయించాం.

ఆ తర్వాత ప్రతి నెలా జీతం పడిన మొదటి శుక్రవారమే మిగులు పంపేవాళ్లు. అంతా సాఫీగా సాగిందని చెప్పను. 2025 మొదట్లో, వాళ్లు పంపిన రెండో రోజే రేటు బాగా పెరిగింది. రెడ్డెమ్మ నాకు ఫోన్ చేసి, “అన్నా, నీ లైబ్రరీ మూసేసినారా ఏంది, ఈ పొద్దు బోర్డు చూసినావా?” అని దెప్పింది. అయినా ఆగుదామనలేదు. ఆ ఏడు జూన్‌లో కూతురి ఇంటర్ ఫీజుకు అరవై వేలు కావలసి వచ్చింది. మునుపైతే క్యాంపులో వడ్డీకి తెచ్చేవాడు ఓబులేసు. ఈసారి తాము వేసినదాంట్లోంచే తీసుకున్నారు.

ఈ ఏడాది జనవరిలో అప్పు తీరింది. బ్యాంకు నుంచి ఇంటి పత్రాలు వెనక్కి తీసుకోవడానికి ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. ఎలాగూ ఇద్దరూ వెళ్లిపోతున్నారు. రెడ్డెమ్మ మామా రెండు నెలలు ఆగమని బతిమాలిందట. తన బదులు ఇంకొకరిని చూసి పెట్టి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రద్దు చేయించుకుంది. కూతురి ఇంటర్ ఒక ఏడాది అయిపోవస్తోంది, ఇంకో ఏడాది మిగిలింది. పూర్తిగా అనుకున్నట్టు కాలేదని ఓబులేసు అంటే, “ఒక ఏడు తక్కువనా ఏంది? రోజుకు మూడుసార్లు వండొచ్చు,” అంది ఆమె.

వెళ్లిన పదిరోజులకు ఫోన్ చేసింది. ఇల్లు ఎలా ఉందని అడిగాను. గోడకు చెమ్మ వచ్చిందట, మోటారు పాడైందట. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇంకొకటి చెప్తా, ఆయనకు చెప్పొద్దు. ఈయప్ప గురక పెడతాడన్నా. పదకొండేండ్లాయె, నాకు తెలీనే తెలీదు,” అంది. వెనకాల ఓబులేసు ఏమిటే అని అడుగుతున్నాడు. ఏం లేదు, అన్న రేటు చెప్తాండాడు అంది.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఇప్పటికీ లైబ్రరీకి వెళ్తాను, ఇప్పటికీ డిక్షనరీ పక్కన పెట్టుకునే చదువుతాను. కాకపోతే అప్పు తొందరగా తీర్చే దారి చెప్పమని ఎవరైనా టీ కొట్టుకు వస్తే, చదివింది చెప్పడం మొదలుపెట్టను. ముందు కాగితం చూపించమంటాను. తర్వాత, మిగిలిన డబ్బు ఈ రోజు ఏ చోట ఉందని అడుగుతాను. చాలామంది మొదట నవ్వుతారు. రేటు కోసం ఆగారా అంటే ఒప్పుకుంటారు. అప్పుడు రసీదు వెనక్కి తిప్పి, రోజుకు ఎంత పోతోందో రాస్తాను.